మా జడ్జిగారి ఇంటి మనిషి

బావగారికి నమస్కారం.

మా జడ్జిగారూ మంత్రిగారూ రోజూ పొద్దున్నే పార్కులో కలిసి నడుస్తారని రాజధాని అంతా ఒకటే గుసగుసలు. నడవడం నిజమే! మంత్రిగారు ఎదురొస్తే మా జడ్జిగారు వెనక్కి తిరుగుతారు. గొడుగు పట్టుకుని నేనూ తిరుగుతాను.

మీరు చెప్పమన్నట్టే, కారు తలుపు తీస్తూ మీ స్థలం కేసు సంగతి జడ్జిగారి చెవిన వేశాను. "అలాగా" అన్నారు. పని అయిపోయిందనుకుని పొంగిపోయాను.

తీరా నిండు కోర్టులో, "మా బంట్రోతు మా ఇంటి మనిషి. అతని బావగారి కేసు నేను వినకూడదు" అని వేరే జడ్జిగారికి పంపేశారు.

మళ్ళీ వాయిదా పడినందుకు నన్ను ఎంతైనా తిట్టండి. ఇరవయ్యేళ్ళుగా ఆయన ఫైళ్ళు మోస్తున్నాను, నన్ను ఇంటి మనిషన్నది మాత్రం మొన్ననే. తిట్టడం అయ్యాక, ఆ ఒక్క మాట అక్కకి చదివి వినిపించండి.

మీ బావమరిది