పనసతొన రంగు మందారం

బొబ్బిలి,
3 జనవరి 2018

ప్రియమైన ఉమాశంకర్ బావకు,

ఫోన్ చేస్తే నీ గొంతులో గర్వం వినాల్సి వస్తుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. విశాఖ పూల ప్రదర్శనలో నీ కొత్త మందారానికి మొదటి బహుమతి వచ్చిందని పేపర్లో చూశాను. ఫోటోలో నువ్వు, నీ పక్కన కుండీ, కుండీ పక్కన మా పార్వతక్క. మరి నేనెక్కడ?

మరిచిపోయావేమో, గుర్తు చేస్తాను. మూడేళ్ళ కిందట మా పెరట్లో పూసిన పసుపు మందారం పుప్పొడిని టిఫిన్ డబ్బాలో మంచుముక్కల మధ్య పెట్టి, బస్సు కండక్టర్ని బతిమాలి అరసవల్లి పంపించింది ఎవరు? ఆ పనసతొన రంగు నా పువ్వుది. నడిమధ్య వంకాయ రంగు నీ పువ్వుది, కాదనను. అయినా కొత్త రకానికి నువ్వు పెట్టిన పేరేమిటి? 'ఉమాశంకర్'! పేపరు అవతల పారేశాను. కాసేపటికి మళ్ళీ తెచ్చుకుని చూశాను.

కుళ్ళుకుంటున్నాను బావా, దాచడమెందుకు? అన్నం సయించడం లేదు. మా ఆవిడ అనూరాధ అయితే, "ఏటి మావా, ఆళ్ళింట్లో పువ్వు పూస్తే నీకు కడుపులో మంటేటి?" అంటోంది.

ఒక్క కొమ్మ ఇయ్యి. నాటు ఎర్ర మందారానికి అంటు కట్టుకుంటాను. అది నా హక్కు.

కడుపు మండుతున్న నీ బావమరిది,
యుగంధర్

—

అరసవల్లి,
12 జనవరి 2018

ప్రియమైన బావమరిది యుగంధర్‌కు,

నీ ఉత్తరం మీ అక్కకి చదివి వినిపించాను. నవ్వలేక చచ్చింది.

ఒరే, పుప్పొడి మోసిన తుమ్మెద, పువ్వు నాదేనని ఉత్తరాలు రాయదు. నువ్వు డబ్బా పంపి చేతులు దులుపుకున్నావు. తెల్లారగానే కుంచెతో ఆ పుప్పొడి అద్దింది నేను. పట్టిన కాయ రాలిపోకుండా ఎండలో గొడుగు కట్టింది నేను. గింజలు మొలిచాక ఏడాది పైగా పెంచి, పూసిన ప్రతి మొక్కనీ చూసి, ఒక్కదాన్ని ఉంచుకుని మిగతావన్నీ పీకేశాను. పీకడానికి చెయ్యెలా వచ్చిందో నాకే తెలుసు.

కొమ్మ ఇవ్వను. నీకనే కాదు, ఎవరికీ ఇవ్వలేదు. లోకం మొత్తం మీద ఈ మొక్క ఒక్కటే ఉంది, అది మా డాబా మీద ఉంది. ఆ మాట అనుకుంటే నాకు హాయిగా నిద్ర పడుతోంది.

రథసప్తమికి ఎలాగూ వస్తావుగా. కళ్ళారా చూసుకో. చేతులు మాత్రం జేబులో పెట్టుకో.

నీ బావ,
ఉమాశంకర్

—

బొబ్బిలి,
1 ఫిబ్రవరి 2018

ప్రియమైన బావకు,

క్షేమంగా చేరాను. చిక్కుడాకుల్లో అక్క పెట్టిన పరమాన్నం రుచి ఇంకా నోట్లోనే ఉంది. మర్యాదకి వంక పెట్టను. కానీ డాబా మీద నువ్వు నా వెనకాలే పోలీసులా తిరిగావే, అది బాగాలేదు. కాఫీ తెస్తానని కిందికి దిగినవాడివి, అరగంటకి ఒట్టి చేతులతో ఎక్కి వచ్చావు. బహుమతి వచ్చినవాడికి బావమరిది కాఫీ గుర్తుంటుందా?

పువ్వు సంగతి కూడా చెప్పాలి. నేననుకున్నంత గొప్పగా ఏమీ లేదు. అంచు కాస్త వెలిసింది. సాయంత్రానికి ముడుచుకుపోయేదానికి అంత కాపలా ఎందుకు? సూర్యనారాయణమూర్తికి కూడా ఒక్క పువ్వు కోసి ఇవ్వలేదట! "దేవుడికైనా నేదురా, నీకేటిస్తాడు? ఊరుకో" అంది అక్క.

కొమ్మ ఇక అడగను. నాకూ పౌరుషం ఉంది.

నీ బావమరిది,
యుగంధర్

—

అరసవల్లి,
20 నవంబరు 2018

ప్రియమైన యుగంధర్‌కు,

ఇన్నాళ్ళూ రాయనందుకు ఏమీ అనుకోకు. తిత్లీ తుపాను రాత్రి పక్కింటి నీళ్ళ ట్యాంకు ఎగిరి మా డాబా మీద పడింది. సరిగ్గా ఆ కుండీ మీదే పడింది. విరిగిన కొమ్మలన్నీ ఏరి కొన్ని నాటాను, కొన్ని అంటు కట్టాను. ఒక్కటీ పట్టలేదు. నెల్లాళ్ళు చూసి, నిన్ననే అన్నీ పీకేశాను.

"మొక్కే గదా పోయినాది. మనం బతికున్నాం, అది సాల్దా?" అంది మీ అక్క. నిజమే. ఉద్దానంలో కొబ్బరితోటలే కూలిపోయాయి. ఆ రైతుల ముందు పువ్వు కోసం ఏడవడానికి సిగ్గుగా ఉంది. ఏడుపు మాత్రం ఆగడం లేదు.

ఇది చదివి నీకు ఓ పూట సంతోషం కలిగితే కలగనీ. నాకిప్పుడు దాచుకునేదేమీ లేదు, కాబట్టి ఒక సంగతి చెబుతాను. నాకు గ్యాస్ట్రిక్ వచ్చిన దగ్గర్నుంచీ మీ అక్క మా ఇంట్లో కాఫీ పొడి కొనడం మానేసింది. రథసప్తమి నాడు నేను డాబా దిగింది కాఫీ కోసం కాదు. నువ్వు డాబా ఎక్కకముందే కత్తి నూరి కుండీ పక్కన పెట్టాను. తడిగుడ్డ, పాలిథిన్ కవరు కూడా అక్కడే పెట్టాను. అవి వాటంతటవే వచ్చాయనుకున్నావా?

నీది ఒక రకం కుళ్ళయితే నాది ఇంకో రకం. నా ఒక్కడి దగ్గరే ఉండాలన్న కుళ్ళు. నా చేత్తో ఇవ్వడం నావల్ల కాలేదు. ఒక్క కుండీలో ఉన్న ప్రాణం ఎన్నాళ్ళుంటుందన్న భయం మాత్రం ఉండేది. నువ్వు వెళ్ళాక చూశాను. ఏటవాలుగా, శుభ్రంగా కోశావు. కోసిన చోట పసుపు కూడా అద్దావు. జేబులో పసుపు పొట్లం తెచ్చుకున్నవాడివి, కత్తి తెచ్చుకోవడం ఎలా మరిచావురా?

ఆ కొమ్మ బతికిందో లేదో, అది మాత్రం రాయి. తిరిగి ఇమ్మని అడగను. ఇవ్వనన్న నోటితో ఎలా అడుగుతాను?

నీ బావ,
ఉమాశంకర్

—

బొబ్బిలి,
27 నవంబరు 2018

ప్రియమైన బావకు,

బతికింది. పూస్తోంది. నీ పువ్వు కంటే పెద్దగా పూస్తోంది, అది ముందే చెబుతున్నాను.

నీ ఉత్తరం చదివి ఓ పూట కాదు, రెండు రోజులు సంతోషంగానే ఉన్నాను. లోకం మొత్తం మీద మొక్క ఒక్కటే ఉంది, అది మా పెరట్లో ఉంది! ఆ మాట అనుకుంటే నిజంగానే నిద్ర పడుతుంది బావా, నువ్వు చెప్పింది అబద్ధం కాదు. మూడో రోజు పొద్దున్న ఇంకో పువ్వు విచ్చింది. అనూరాధకి చూపిస్తే, "బాగున్నాది మావా" అని పోపు మాడిపోతోందని లోపలికి పోయింది. పక్కింటి జగన్నాధం మాస్టారు దేవుడికి కోసుకోవచ్చా అని అడిగారు. ఆ పువ్వు ముందు ఒక్కడినే నిలబడ్డాను. దాన్ని చూసి కడుపు మండేవాడు లోకంలో నువ్వొక్కడివే. అలాంటివాడివి అక్కడ మొక్క లేక ఏడుస్తూ కూర్చుంటే, ఇక్కడ నేను ఎవరి ముందు గొప్పలు పోను?

అయినా నా చేత్తో ఇవ్వను. అది నావల్ల కూడా కాదు. మొక్కకి కట్టిన పేరు చీటీ మీద 'యుగంధర్' అని రాసుకున్నాను, దాన్నీ చెరపను.

ఆదివారం అక్కని తీసుకుని రా. మొక్క నూతి పక్కన ఉంది. కత్తి నూరి పెట్టాను. తడిగుడ్డ, కవరు అక్కడే ఉంటాయి. పసుపు నువ్వు తెచ్చుకో. నువ్వు పెరట్లోకి రాగానే నేను కాఫీ తేవడానికి లోపలికి వెళ్తాను.

మా ఇంట్లో కాఫీ పొడి ఉంది. అయినా ఆలస్యంగానే వస్తాను.

నీ బావమరిది,
యుగంధర్