లేని గర్భము కొట్టివేయించుట గురించి

శ్రీయుత శిక్షణాధికారి గారి సముఖమునకు,

ఉప్పుగూడ రైలు స్టేషను వెనుక నివసించు కీర్తిశేషుడు మొగులయ్య భార్య ఆగమ్మ, ప్రభుత్వ ఆసుపత్రిలో తాత్కాలిక ఆయా, వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నాకు లేని గర్భమును కచేరీ దస్త్రము నుండి కొట్టివేయించి, నర్సింగ్ సహాయకుల శిక్షణలో నన్ను చేర్చుకొనుట గురించి.

1. నా భర్త రెండేళ్ల కింద జబ్బుచేసి పోయాడు. తర్వాత పొట్టకూటికి ఆయాగా చేరాను. బెడ్‌ప్యాన్లు తీయడం, రోగులు కక్కింది తుడవడం, కదలలేనివాళ్లను పక్కకు ఒత్తిగిలబెట్టడం నా పని. అయితే సర్టిఫికెట్ లేని ఆయాలను ఇకపై వార్డులలో ఉంచరాదని ఉత్తర్వు వచ్చింది. సర్టిఫికెట్ కావాలంటే తమరి శిక్షణ పొందాలి. అందుకు ఏడో తరగతి పాసై ఉండాలి, పాసయ్యాను. వయసు ముప్పై ఐదు దాటరాదు. నాకు వచ్చే ఏటికి దాటుతుంది. గర్భవతులు అనర్హులు, ఆ నిబంధన చదివి, దీనితో నాకేం పని అని పక్కన పెట్టాను. కనుక ఈ విడత తప్పితే నాకు శిక్షణ లేదు, శిక్షణ లేకుంటే కొలువు లేదు, కొలువు లేకుంటే తిండి లేదు అని మనవి.

2. ఇంటర్వ్యూ రోజున డ్యూటీ దిగే వేళకు ఒక రోగి నా చీర మీద వాంతి చేసుకున్నాడు. ఆ వాసనతో పెద్దల ముందు నిలబడలేక ఇంటికి పరుగెత్తి, స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని వచ్చాను. బోర్డులో మధ్యన కూర్చున్న అధికారి గారు గుంటూరు వైపు వారు. నెమ్మదస్తులు. నన్ను కూర్చోమన్నారు కూడా. అక్కడ జరిగిన మాటలను ఉన్నవి ఉన్నట్టు సమర్పించుకుంటున్నాను.

“ఏమ్మా, ఇంత ఆలస్యమైందేం?”

“నీళ్లోసుకున్న సారూ. గందుకే జర లేటయింది.”

వారు పక్కనున్న ఆయన వంక చూశారు. “అలాగా. ఎన్నో నెల?”

నేను ఆపరేషన్ వార్డుకు మారిన సంగతి అడుగుతున్నారు కాబోలు అనుకున్నాను. “ఐదో నెల నడుస్తున్నది సారూ.”

“మరి బరువులు ఎత్తుతున్నావా?”

“రోజు ఎత్తుత సారూ. దాంట్ల ఏం ఫికర్ లేదు.”

“మీ ఆయన ఏం చేస్తుంటాడు?”

“లేడు సారూ. పోయి రెండేండ్లాయె.”

వారి చేతిలో కలం ఆగింది. “మరి నిన్ను చూసుకునేదెవరు?”

“మా మరిది భిక్షపతి సారూ. అన్నిటికి గాయనే.”

“సరే, వెళ్లమ్మా,” అన్నారు. చాలా మెత్తగా అన్నారు. సీటు వచ్చినట్టేనని మురిసిపోయి, తోటి ఆయా పుష్పమ్మకు బయట చాయ్ తాగించాను.

3. తర్వాత నోటీసు బోర్డు మీద పేర్లు పెట్టారు. నా పేరు ఎదుట “వితంతువు. ఐదవ నెల గర్భవతి. అనర్హురాలు” అని ఉంది. వార్డుబాయిలు, స్వీపర్లు, రోగుల వెంట వచ్చినవాళ్లు, చదువు వచ్చిన ప్రతివారూ చదివారు. రానివాళ్లకు వచ్చినవాళ్లు చదివి వినిపించారు. ఇదెక్కడి నుంచి పుట్టిందో తెలియక హెడ్ నర్సు విమలాదేవి గారి దగ్గర ఏడ్చాను. ఆమెది ఏలూరు. బోర్డు వారు ఏమడిగారో, నేనేం చెప్పానో ఒక్కొక్క మాటే విని, ముందు నవ్వేశారు, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. “మా వైపు నీళ్లోసుకోవడమంటే కడుపుతో ఉండటం, ఆగమ్మా,” అన్నారు. అయ్యా, మా ఇళ్లలో నీళ్లోసుకోవడమంటే చెంబుతో ఒంటి మీద నీళ్లు పోసుకోవడమే. పొద్దున లేస్తే గల్లీలో అందరూ చేసే పని. ఆ లెక్కన మా ఉప్పుగూడలో మగవాళ్లు కూడా గర్భవతులే అని విన్నవించుకుంటున్నాను.

4. మరిది, తోడికోడలు ఆండాలు, నేను ఒకే ఇంట్లో ఉంటున్నాము. నోటీసు సంగతి ఆండాలు చెవిన ఎవరు వేశారో తెలియదు. నేను జరిగిందంతా చెప్పాను. ఆమె వినలేదు.

“సర్కారోళ్లు ఉత్తగనే రాస్తరా అక్కా? నీళ్లోసుకునుడు అంటివి, సరే. మరి గా ముచ్చట నడుమ నా మొగని పేరు ఎట్లొచ్చింది?”

పేరు నా నోటి నుంచే వచ్చింది. ఆండాలు పిల్లలను తీసుకుని పురానాపూల్‌లోని తల్లిగారింటికి వెళ్లిపోయింది. ఈ సంగతి తమరి శాఖకు సంబంధించినది కాదని కచేరీలో అన్నారు. ఇల్లు కూల్చింది మాత్రం తమరి శాఖ నోటీసే.

5. హెడ్ నర్సు గారు చెప్పగా లేడీ డాక్టరు గారు నన్ను పరీక్షించి, గర్భము లేదని సర్టిఫికెట్ ఇచ్చారు. నేను పనిచేసే ఆసుపత్రిలో, నేను తుడిచే బల్ల మీదనే పడుకుని ఆ పరీక్ష చేయించుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సర్టిఫికెట్ తీసుకుపోయి తమరి కచేరీ గుమాస్తా వైకుంఠం గారికి ఇచ్చాను.

“గర్భం లేదని రాసిన్రు, మంచిది,” అన్నారు. “ఐదో నెల నడుస్తుండె గదా. మరి ఏమైంది?”

“ఉంటె గదా సారూ, ఏమన్న అయ్యేది!”

“ఉన్నదని బోర్డు ముంగట నువ్వే చెప్పినవు. కింద పెద్దసారు సంతకమున్నది. గాయన సంతకం తప్పని నన్ను రాయమంటవా?”

పిమ్మట నాకు మెమో అందింది. “మీ గర్భము ఎవరి వలన కలిగినదో, ప్రస్తుతము ఏమైనదో లిఖితపూర్వకముగా సంజాయిషీ ఇవ్వవలెను. అంతవరకు విధులకు హాజరు కారాదు.” అయ్యా, ఉన్నదంటే అనర్హురాలిని. లేదంటే ఏదో పాపం చేసి పోగొట్టుకున్నదాన్ని. మొదటి నుంచీ లేనే లేదని చెప్పడానికి ఆ మెమోలో చోటు లేదు.

6. వైకుంఠం గారు చెడ్డవారు కారు. నా అవస్థ చూసి పక్కకు పిలిచారు. “నా మాట ఇను ఆగమ్మా. దానంతట అదే పడిపోయిందని ఒక ముక్క రాసియ్యి. తండ్రి పేరు కూడ రాయి. ఫైలు బంద్ అయితది, శిక్షణల నీ పేరెక్కుతది. పెద్దసారుకు మాట రాదు, నీకు కొలువు పోదు.”

ఈ మాట మరిదికి చెప్పాను. మా ఇల్లే అయినా ఆయన గడప లోపలికి రాలేదు, బయటే నిలబడి విన్నాడు. ఆండాలు పోయిన నాటి నుంచి ఆయన అలాగే ఉంటున్నాడు.

“రాసియ్యి వదినె. నీ బతుకన్న నిలబడుతది. నా పేరు మాత్రం రాయకు. రాసినవంటె ఆండాలు ఇగ రానే రాదు.”

చిన్నప్పుడు నేను అన్నం పెట్టి పెంచిన మరిది. నేలను చూస్తూ అన్నాడు. పరాయివాళ్ల మలమూత్రాలు ఎత్తుతూ నేను ఏనాడూ ఏడవలేదు. ఆ పూట గుండెలు బాదుకుని ఏడ్చాను.

7. కావున తమరు దయయుంచి, బోర్డు అధికారి గారిని ఒక్కసారి పిలిపించి, లేదా మా గల్లీ పంపు దగ్గర నిలబడిన ఏ ఆడమనిషినైనా అడిగించి, ఆ మాటకు ఇక్కడ అర్థమేమిటో విచారించవలెను. వారి మీద నాకు కోపం లేదు. వారికి మా మాట తెలియదు, నాకు వారి మాట తెలియదు. అయితే తప్పు ఇద్దరిదీ అయినప్పుడు కొలువు నా ఒక్కదానిదే ఎందుకు పోవాలో నాకు బోధపడటం లేదు. సోమవారంతో చేరికలు మూసివేస్తున్నారు. ఆలోగా మెమో రద్దుపరచి, నా పేరు ఎదుట ఉన్న ఆ మూడు ముక్కలలో మొదటిది మాత్రమే నిజమని గ్రహించి, మిగతా రెండూ కొట్టివేయించి, ఈ దిక్కులేనిదాని మొర చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
ఆగమ్మ
ఉప్పుగూడ, 1977

తా.క. సారూ, పైన రాసిందే నిజం. కానీ నిజం చదివెటందుకు మీకు తీరిక ఉంటదో ఉండదో. గందుకే ఎన్కకు ఇంకో కాయితం పెట్టిన. వైకుంఠం సారు చెప్పినట్టె రాసి సంతకం చేసిన, పడిపోయింది అని. పైది పనికిరాకుంటె పైది చింపెయ్యిన్రి, కిందిది ఉంచుకోన్రి. నన్నైతే పనిలకు రానియ్యిన్రి.

తండ్రి పేరు కాడ మొగులయ్య అని రాసిన. సచ్చి రెండేండ్లయినోని పేరు ఎట్ల రాస్తివి అంటరేమో. లేని పిల్లకు లేని తండ్రే గదా సారూ. ఆయన పేరు రాస్తె ఎవ్వరి ఇల్లు కూలదు. మాకు పిల్లలు కాలే. గుడులకు పోయినం, దర్గాలకు పోయినం, కాలే. ఆయన బతికున్నప్పుడు గీ మాట ఇనుంటె, గల్లి గల్లి తిరిగి మిఠాయి పంచుతుండె.