నంబరు మార్చను

సలోమి అక్కకు,

ప్రభువు కాపుదలలో అందరూ బాగున్నారని తలుస్తాను. నంబరు మార్చెయ్యమని మూడుసార్లు చెప్పావు. మార్చలేను. ఎందుకో రాస్తున్నాను.

నెల రోజులుగా ఎవరో దొంగలు నా నంబరు కనపడేలా ఫోన్లు చేసి, బ్యాంకువాళ్లమంటూ జనాన్ని మోసం చేస్తున్నారు. మోసపోయినవాళ్లు తిరిగి నాకు చేసి, నీకు రాయలేని మాటలు తిడుతున్నారు. కావలిలో ఫోన్ ఆఫీసుకు వెళ్తే అక్కడాయన తీరిగ్గా చెప్పాడు: "మీ సిమ్ము నుంచి ఒక్క ఫోనూ పోలేదు మేడమ్. వాళ్లు కంప్యూటర్లో మీ నంబరు పెట్టి పంపిస్తా ఉండారు. కవరు మీద పంపినోడి పేరు ఎవరిది రాసినా పోస్టులో పోతాది గదా, ఇదీ అంతే. యాడ నుంచి వస్తా ఉందో మాకే తెలీదు."

ఆ రోజు నుంచి తెలియని నంబర్లు ఎత్తడం మానేశాను. మంగళవారం ఒకే నంబరు నుంచి తొమ్మిది కాల్స్ వచ్చాయి. తిట్లే అనుకుని వదిలేశాను. అది మా పల్లెలో నెలలు నిండిన మస్తానమ్మ, పక్కింటి ఫోన్ నుంచి చేసింది. ఆస్పత్రికి చేరకుండానే ఆటోలో కాన్పయింది. దేవుడి దయ, ఇద్దరూ బతికారు.

"నాకు నోటికొచ్చింది నీ నంబరొకటే నర్సమ్మా, దాన్నే నొక్కతా ఉండా," అంది, తర్వాత చూడబోతే.

ఆ దొంగల కంటే నా మీదే నాకు ఎక్కువ అసహ్యం వేసింది అక్కా. ఇప్పుడు అన్నీ ఎత్తుతున్నాను. ఈ ఉత్తరం మధ్యలోనే ఇద్దరు తిట్టారు. నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయని అడగాల్సిన నోటితో, ఆ దొంగను నేను కాదని చెప్పుకున్నాను.

నీ చెల్లెలు