సునంద పేపరు కోసం ప్రార్థన

నవంబరు 16, ఆదివారం

అన్యాయం జరుగుతుంటే దేవుని ముందు నోరు తెరవడం తప్పా? తప్పయితే ఇప్పుడే చెప్పు.

ఇందిరాపురంలో మా చర్చి ఆరాధన. నా పక్క కుర్చీ మళ్లీ ఖాళీ. నా భార్య సునంద ఫరీదాబాద్ ల్యాబులో... గిన్నెల్లో పెంచే మూలకణాలకు రోజూ మేత మార్చాలి, ఆదివారమైనా సరే. దానికి నాకు కోపం లేదు. విశ్రాంతి దినమైతే మాత్రం ఎద్దును విప్పి నీళ్లకు తోలుకెళ్లరా అని ప్రభువే అడిగాడు. కోపం వేరే దాని మీద. పీహెచ్‌డీ అయ్యాక పోస్ట్‌డాక్‌గా ఏళ్ల తరబడి సునంద పెంచిన కణాలు, సునంద రాసిన పరిశోధన పేపరు — మొదటి పేరు మాత్రం వాళ్ల సారు శిష్యుడిదట! వీళ్ల లోకంలో మొదటి పేరే ప్రాణం. అది లేకపోతే ప్రొఫెసరు ఉద్యోగానికి పిలుపే రాదు.

ప్రార్థన అంశాలు ఉన్నాయా అని అడిగారు. లేచి మైకు అందుకున్నాను. సారు పేరు, శిష్యుడి పేరు, సంస్థ పేరు — అన్నీ చెప్పాను. హాలంతా ఆమేన్.

17, సోమవారం

సునందకు చెప్పలేదు. చెప్పేదేముంది? దేవునికి చెప్పాను.

18, మంగళవారం

వస్తూనే బ్యాగు సోఫాలోకి విసిరింది.

"ఎవరితో అన్నారండీ?"

"దేవుడితో."

"దేవుడితోనా, మైకులోనా?"

మా చర్చి బెంజమిన్ బ్రదర్ సునంద సంస్థలోనే అకౌంట్స్‌లో పని. మా విషయం భారంగా అనిపించి, ప్రార్థించమని ఇంకో ఇద్దరికి చెప్పాడట. లంచ్ వేళకి సారు చెవిన పడింది. పిలిచి నవ్వాడట — "అచ్ఛా సునందాజీ, మీ చర్చిలో నా కోసం ప్రార్థనలట!"

తిట్టినా బాగుండేది.

"శుక్రవారం లోపు ఆయన నాకు సిఫారసు ఉత్తరం పంపాలి. అది లేకపోతే ప్రొఫెసరు ఉద్యోగానికి నా అప్లికేషనే చూడరు. వచ్చే ఏడాదికి నా వయసు దాటిపోతుంది."

నాకెందుకు చెప్పలేదని అరిచాను.

"చెబితే మైకు దాకా వెళ్తుందని."

19, బుధవారం

బెంజమిన్‌కు ఫోను చేసి కడిగేశాను. "మీరు అరిచి చెప్పిందే కదా బ్రదర్, నేను గుసగుసగా చెబితే తప్పొచ్చిందా?" — పెట్టేశాను.

ఉత్తరం రాలేదు.

20, గురువారం

"వెళ్లి సారుకు సారీ చెప్పండి."

ఎందుకు చెప్పాలి? అబద్ధమాడానా? రాజు పాపాన్ని రాజు ముఖం మీదే చెప్పిన ప్రవక్త సారీ చెప్పాడా? బైబిలు తెరిచి వాక్యం చూపించాను.

"ఆ ప్రవక్త భార్య ఆ రాజు దగ్గర పోస్ట్‌డాక్ చేయలేదండీ."

బైబిలు మూశాను. 

మరి ఆమె ఎందుకు నిలదీయదు? ఆ పేపరు నాది అని ఒక్క మాట! "నిలదీసిన వాళ్లు ఇప్పుడు ట్యూషన్లు చెబుతున్నారు" అంటుంది. ప్లేటు తోసేశాను. ఆమె తింది.

21, శుక్రవారం

పొద్దున్నే చూసింది. రాలేదు. సాయంత్రానికి అప్లికేషన్ల వెబ్‌సైటు మూసేస్తారు.

బూట్లు వేసుకుంటోంది — ల్యాబుకి. ఇవాళ కూడానా అన్నాను.

"ఆ కణాలేం చేశాయండీ, పాపం."

నేనూ ఆమెతో వెళ్దామని ఆఫీసుకు సెలవు మెసేజ్ పెట్టేశాను. సారు గది ముందు నిలబడితే నా నోట సారీ వస్తుందో, పేపరు ఎవరిదని నిలదీత వస్తుందో... నాకే తెలియదు. బైబిలు సంచిలో పెట్టుకున్నాను. మళ్లీ తీసి బల్ల మీద పెట్టాను.

లిఫ్టు చప్పుడు. లే! రాసింది చాలు, చెప్పులు వేసుకో. ఆమె కిందికి దిగకముందే. ఈరోజే — సాయంత్రం కాకముందే!