శాసనం మీద టైల్స్

ఏవండీ,

మీ సంవత్సరీకం మొన్న అయిపోయింది. ఇవాళ మీ బండి తీసుకుని, ఏలూరు నుంచి ఒక్కదాన్నే కలిదిండి అవతల మీ పాత శివాలయానికి వెళ్లొచ్చాను. దారంతా చేపల చెరువులే. గేరు మార్చినప్పుడల్లా మీరు వెనక కూర్చుని తిడుతున్నట్టే ఉంది.

హెల్మెట్ తీయగానే గుడి కమిటీ ప్రెసిడెంటు ఎదురొచ్చాడు. "ఎవరితో వచ్చారండీ?" అన్నాడు. నా వెనక మగమనిషి దిగలేదని ఆయన దిగులు.

లోపలికి తీసుకెళ్లి గొప్పగా చూపించాడు. రాతి స్తంభాలకు బంగారు రంగు పెయింటు కొట్టించాడు. నందికి లిప్‌స్టిక్ వేయించాడు. మీరు ఆదివారాలన్నీ మోకాళ్ల మీద కూర్చుని, బ్రష్‌తో దుమ్ము దులిపి చదివిన శాసనం కనబడలేదు. ఆ గోడంతా బాత్‌రూమ్ టైల్స్.

"ఇక్కడ శాసనం ఉండాలండీ?"

"ఆ గీతలాండీ? ఎవరికీ అర్థం కావు కదండీ. నీటుగా ఉంటుందని కప్పించేశామండీ."

ఆయన పేరూ ఫొటో ఉన్న గ్రానైటు పలక మాత్రం అందరికీ అర్థమయ్యేలా గర్భగుడి పక్కనే ఉంది.

ఈ మనిషితో వాదించడం నా నోటికే అవమానం అనిపించింది. టైల్స్ ముందు నిలబడి, మీరు నాకు చదివి వినిపించిన ఆ పాత మాటలన్నీ పైకి చెప్పాను. మల్లమ అనే ఇల్లాలు, పోయిన తన పెనిమిటికి పుణ్యంగా, ఈ గుడిలో దీపం పెట్టించిందని.

ఒక్క అక్షరం తప్పలేదండీ. ప్రెసిడెంటు అదేదో మంత్రమనుకుని, కళ్లు మూసుకుని చేతులు జోడించాడు.