జనావాసం లేని తీరం నుంచి

శాంటా ఒలాయా పురపాలక ప్రణాళికాధికారి గారి సముఖమునకు, పుంతా బాటో పేట నివాసి రోసెండా మగ్బానువా రాసుకున్న అర్జీ.

విషయం: ‘మన పట్టణం: స్వరూపం, చరిత్ర’ అను తమరి పుస్తకంలో మా పేటకు చోటు కోరుట గురించి.

అయ్యా,

ఈ నెల ఇరవయ్యో తేదీన పురసభ ఈ పుస్తకాన్ని ఆమోదిస్తుంది. ఆమోదం పొందిన వెంటనే మా తీరాన్ని ఖాళీ స్థలంగా హోటల్ కంపెనీకి అప్పగిస్తారని తెలిసింది. అందుకే ఇప్పుడే రాయవలసి వచ్చింది. మా ఇంట్లో బడికి వెళ్లింది నేనొక్కదాన్నే.

1. నాలుగో పేజీలో ‘పుంతా బాటో: జనావాసం లేని తీరం. ఊరకుక్కలు సంచరించుచున్నవి’ అని ఉన్నది. కుక్కలనైనా గుర్తించినందుకు కృతజ్ఞులము.

2. మనీలా నుంచి తమరు పిలిపించిన సర్వేయరు గారు సరిగ్గా పునీత ఒలాయా పండుగ నాడే వచ్చారు. ఆనాడు ఆ పునీతురాలి విగ్రహాన్ని పడవ మీద సముద్రంలో ఊరేగిస్తాము. ఒడ్డున మిగిలిపోయిన వాడి వలలో ఆ ఏడు చేప పడదు. అందుచేత బాలింతలు, మంచం పట్టిన ముసలివారు, కోళ్లతో సహా అందరమూ పడవలెక్కుతాము. ఆయన తలుపులు తట్టారట, ఎవరూ పలకలేదట. వెనక్కి తిరిగి సముద్రం వైపు చూడడం ఆయన విధుల్లో లేదు కాబోలు.

3. పుస్తకం అట్ట మీద ‘మన వారసత్వం’ పేరిట ఆనాటి పడవల బొమ్మే వేశారు. చుక్కాని పట్టినది మా నాన్న ఇస్లావ్. పక్కన కూర్చుని చేయి ఊపుతున్నది తమరు. బూట్లు తడవకుండా తమరిని భుజాల మీద మోసి పడవెక్కించినది కూడా మా నాన్నే. జనం లేని చోట ఆ భుజాలు ఎవరివో పుస్తకంలో ఎక్కడైనా వివరిస్తే చదువరులకు ఉపయోగం.

4. చరిత్ర భాగం ‘మోంతెలెగ్రె వంశీయులు ఈ తీరాన దిగుటతో పట్టణము ఆరంభమైనది’ అని మొదలవుతుంది. నాన్నను కన్న మా లోలాకు చదివి వినిపించాను.

“దిగారంటే దించినోడొకడు ఉండాలి కదే! పడవ దానంతటదే వచ్చిందా?” అంది.

ఆ ప్రశ్ననే తమరికి పంపుతున్నాను.

5. తమరి కార్యాలయానికి వచ్చాను. గుమస్తా గారు నివాస ధ్రువపత్రం అడిగారు. మా పేట పెద్ద, కప్తాన్ గారు ఇచ్చినది చూపించాను.

“ఆ పేటే లేదు కదమ్మా, దానికి కప్తాన్ ఎక్కణ్ణుంచి వచ్చాడు?”

“మరి నేనెక్కణ్ణుంచి వచ్చానండీ?”

“అది నన్నడిగితే ఎలా? పక్క కిటికీలో అడుగు.”

పక్క కిటికీ మూసి ఉన్నది.

6. ఇది ఫిర్యాదు కాదు. నాన్నకు చదువు రాదు. సంగతంతా చెబితే నవ్వాడు. “పొరపాటు పడుంటారులే అమ్మా. ఆ సారుకి నేను తెలుసు. ఇస్లావ్ అని చెప్పు, చాలు,” అన్నాడు. అయ్యా, చెబుతున్నాను: ఇస్లావ్. తమరికి గుర్తు రాకపోతే ఆ మాట ఆయనకు నేనెలా చెప్పాలో తెలియడం లేదు.

కావున తమరు పండుగ కాని రోజున మా తీరానికి దయచేసి, తలుపు తట్టి, పలికిన వారందరినీ నాలుగో పేజీలో చేర్పించవలెనను మా మొరను చిత్తగించ ప్రార్థన.

తమ విధేయురాలు,
రోసెండా మగ్బానువా

తా.క.: తమరి జవాబు ఫోన్లో అడిగితే పని త్వరగా అవుతుందేమోనని నేనంటే లోలా ఒప్పుకోలేదు. “ఉత్తరమే రాయమను. కవరు మీద మన పేట పేరు ఆయన చేత్తోనే రాయాలి,” అంది. కనుక పద్దెనిమిదో తేదీలోగా తమరి జవాబును పూర్తి చిరునామాతో పంపగోరుచున్నాను.