గదులు తెరిచే ముందు

చెల్లీ,

నువ్వు చల్లగా ఉండాలని రోజూ దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాను. నేను ఆయాగా చేసే ఆసుపత్రిలో, అత్యాచారానికి గురైనవాళ్ల కోసం ఉన్న ఇరుకు గది తీసేసి కొత్తగా మూడు గదులు కట్టారు. ఇక ఎవరూ వరండాలో నలుగురి మధ్యా కూర్చోనక్కర్లేదు. వెనక వీధి నుంచి వేరే గుమ్మం ఉంది. పరీక్ష గది పక్కనే స్నానాల గది. దానికి బయట కూడా గడియ పెట్టాలా అని వడ్రంగి అడిగితే, "లోపల ఉండేది దొంగ కాదు నాయనా" అంది డాక్టరమ్మ.

ఇక్కడ ఒంటి మీది ఆనవాళ్లు, బట్టలు తీసుకున్నాకే స్నానం చేయనిస్తారు. ఆ వరస అప్పుడు నాకు తెలియదు. నీ ప్రాణం కాస్త కుదుటపడుతుందని నేనే నీకు వేణ్ణీళ్లు పోశాను, బట్టలు ఉతికి ఆరేశాను. సాక్ష్యం లేదని వాణ్ణి వదిలేశారు. పన్నెండేళ్లుగా నువ్వు నాతో మాట్లాడకపోవడం న్యాయమే.

గదులు తెరిచే ముందు, ఆ బాధ పడ్డవాళ్లెవరైనా వచ్చి చూసి లోపాలు చెప్పాలని డాక్టరమ్మ కోరిక. "మాకు తోచినట్టు కట్టాం. ఇందులో కూర్చునేవాళ్లకి కదా తెలిసేది" అంటోంది. నీ పేరు నేను చెప్పలేదు, చెప్పను.

వచ్చే గురువారం పదింటికి రాగలవా? నా మొహం చూడాలని లేకపోతే కిందికి దిగను. నువ్వు నడిచి వెళ్తుంటే మాత్రం, పైఅంతస్తు కిటికీలోంచి ఒక్కసారి చూడనివ్వు.

నీ పెద్దక్క